ముసలివాళ్ళ సోడా

"ఏమండీ, మీ పొగ కాస్త మీ దగ్గరే ఉంచుకుంటారా?"

పొయ్యి మీద లాంబ్ చాప్స్, అదే గొర్రెపిల్ల పక్కటెముకల ముక్కలు, తిప్పుతున్నవాణ్ణి తలెత్తి చూశాను. పక్క బల్ల వెనక ఒక అమ్మాయి. నెత్తిన ఉన్ని టోపీ, చలికి కందిపోయిన ముక్కు, ఒక చేతిలో వైన్ సీసా. రెండో చేత్తో పొగని నా వైపే తోస్తోంది!

"పొగకి అడ్రస్ రాసిచ్చి పంపలేను కదండీ. గాలి ఎటుంటే అటే పోతుంది."

"వైన్ ముందు వాసన చూస్తారు, తర్వాతే తాగుతారు. నా గ్లాసులన్నీ మాంసం కంపు కొడుతున్నాయి."

"కంపా? దాన్ని ఘుమఘుమ అంటారు!"

అడిలైడ్‌లో హోటల్ వంటగది వదిలేసి, బరోసా లోయలో శనివారం సంతలో బొగ్గుల పొయ్యి పెట్టుకున్న కొత్తలో మాట అది. చాప్స్ కొన్నవాళ్ళంతా ఒకటే ప్రశ్న: "లీత్, దీంతో ఏ వైన్ బావుంటుంది?" చుట్టూ ఎటు చూసినా ద్రాక్షతోటలే, నా దగ్గర మాత్రం జవాబు లేదు. ఇక్కడి రెడ్ వైన్లు మహా బరువు. కొవ్వున్న చాప్ మీద అవి కూడా పడితే, రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది.

"రుచి చూసి మాట్లాడండి," అంటూ ఆ అమ్మాయి ఐస్ పెట్టెలోంచి సీసా తీసి గ్లాసులో పోసింది. ముదురు ఎరుపు. పైన గులాబీ రంగు నురగ. బుడగలు!

నాకు నవ్వాగలేదు. "ఇది మా తాతయ్య క్రిస్మస్ పొద్దున తాగే సరుకు కదూ? ముసలివాళ్ళ సోడా!"

ఆమె నవ్వలేదు. గ్లాసు వెనక్కి లాక్కుంది.

"నేను సొంతంగా చేసిన మొదటి వైన్ అది," అంది మెల్లగా.

ఆ పొయ్యిలో నేనే దూకేద్దామా అనిపించింది.

తర్వాత గంటసేపు ఆమె నా వైపు చూడలేదు. నేను మాత్రం... చాప్స్ వైపు తక్కువ చూశాను. ఆమె బల్ల దగ్గర ఎవరూ ఆగడం లేదు. వచ్చినవాళ్ళు బుడగలు చూసి, మర్యాదగా తలూపి, జారుకుంటున్నారు.

అంతలో వాన. మామూలు వాన కాదు, ఎవరో బకెట్లతో గుమ్మరించినట్టు! ఆమె గొడుగు గాలికి తిరగబడింది. నేను పరిగెత్తి ఆమె బల్ల ఒక కొస పట్టుకున్నాను.

"మీ సాయం అక్కర్లేదు!"

"తర్వాత తిట్టండి. ముందు లాగండి!"

ఇద్దరం కలిసి బల్లని నా టెంటు కిందికి లాగాం. ఆమె పేరు రోమీ అట. టోపీ పిండుకుంటూ చెప్పింది. "ఇవాళ కూడా సీసాల పెట్టెలు అలాగే తిరిగొస్తే, వెనక పొలంలో షిరాజ్ ద్రాక్షతీగలు పీకించేస్తానన్నాడు నాన్న. మా నాన్నమ్మ తీగలవి, ఈ వైన్ వాటిదే. బుడగల రెడ్ ఆవిడతోనే పోయిందంటాడు. నువ్వూ అదే అన్నావుగా."

ఆమెకి మొహం చూపించలేక పొయ్యి వైపు తిరిగి ఓ చాప్ ముక్క నోట్లో వేసుకున్నాను. భగ్గున కాలింది! పక్కనున్న కాగితం కప్పులో నా కోలా గటగటా తాగేశాను.

కోలా కాదది.

"అది నా కప్పు!" అంది రోమీ.

ఇంకో ముక్క కొరికాను. ఇంకో గుక్క. చల్లటి బుడగలు కొవ్వుని తుడుచుకుపోతున్నాయి. వెనకాలే పండు తీపి వచ్చి, మాడిన అంచు మీద కూర్చుంటోంది. నోరు ఖాళీ, మళ్ళీ ఆకలి!

"రోమీ, నేనొక గాడిదని."

"ఆ సంగతి ఇందాకే తెలిసింది."

"కాదు, తిను. ఇది తిని, అది తాగు."

తింది. తాగింది. కళ్ళు పెద్దవయ్యాయి. తన వైన్‌ని తనే మొదటిసారి చూస్తున్నట్టు కప్పులోకి చూసింది. "నేనెప్పుడూ దీన్ని ఉత్తిదే పోశాను, లీత్. దీనికి తోడు కావాలి!"

వానకి మా టెంటు కింద జనం ఇరుక్కుని ఉన్నారు. నేను అరిచాను, "ముసలివాళ్ళ సోడా! ఒక చాప్, ఒక గుక్క!" రోమీ నా కాలు తొక్కింది. ఈసారి నవ్వుతూనే. జనమూ నవ్వారు, తిన్నారు, మళ్ళీ కప్పులు చాచారు. సీసాలు టప్పుటప్పుమంటూ తెరుచుకుంటున్నాయి.

వాన సన్నబడ్డాక రోమీ నాన్న ఎర్విన్ పికప్ బండి దిగాడు, పెట్టెలు తీసుకెళ్ళడానికి.

"పెట్టెలేవమ్మా?"

"ఖాళీవి అక్కడున్నాయి నాన్నా."

"ఊరికే పంచిపెట్టావా?"

"అమ్మాను!"

ఆయన నమ్మలేదు. నేను ఒక చాప్ అందించాను. "బీరుందా, అబ్బాయ్?" అన్నాడు. రోమీ కాగితం కప్పు చేతిలో పెట్టింది. ఆయన నమిలాడు. తాగాడు. మళ్ళీ నమిలాడు. రోమీ వేళ్ళు నా చొక్కా చేతిని గట్టిగా పట్టుకున్నాయి. పట్టుకున్నట్టు ఆమెకి తెలుసో లేదో!

"ఇంకోటి," అన్నాడు ఎర్విన్.

"చాప్ ముక్కా? వైనా?" అడిగాను.

"రెండూ." మూతి తుడుచుకుని, అటు తిరిగి అన్నాడు, "ఈ చలికాలం ఆ తీగలు పీకొద్దు, కత్తిరింపు చాల్లే."

రోమీ గబుక్కున అటు తిరిగి, వాన జల్లులోకెళ్ళి, పడిపోయిన గొడుగు ఏరడం మొదలెట్టింది. ఏడుస్తోందని నాకర్థమైంది. ఎర్విన్‌కీ అర్థమైంది. చెయ్యి చాచి, "ఆ పట్టకారు ఇలా ఇవ్వు," అన్నాడు.

మా దగ్గర బండి తాళాలైనా ఇస్తారు గానీ, పొయ్యి దగ్గర పట్టకారు ఇంకొకడికి ఇవ్వరు. నేనిచ్చేశాను.

"మాడిపోతే నన్ననొద్దు!"

"మాడనీండి సార్!" అంటూ పరిగెత్తాను.

రోమీ కళ్ళు తుడుచుకుంది. "సోమవారం కత్తిరింపు. వస్తావా?"

"చాప్స్ తేనా?"

"ముందు నువ్వు రా."

వెనక నుంచి ఎర్విన్ కేక. "ఒక్క సీసా మిగిలింది! తెరవనా?"

"వద్దు సార్! అది మాది!" అనేశాను, ఆలోచించకుండా.

రోమీ కనుబొమ్మలెత్తింది. "మాది అంటే?"

"అంటే..." నా మొహం నిప్పుల కన్నా ఎర్రబడింది. "మనది."

ఆమె నన్నే చూస్తూ, తండ్రికి వినపడేలా గొంతెత్తింది.

"ముట్టుకోకు నాన్నా! అది మా ఇద్దరిదీ!"