కిటికీ అవతలి ప్రేక్షకుడు

ఆ రోజుల్లో వీధి మొత్తానికీ ఒకటే టీవీ. అది బ్యాంకు ఆఫీసరుగారిది. ఆదివారం సాయంత్రం సినిమాకి ముందు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టీవీ మీది లేసు గుడ్డ స్వయంగా తీసేవారు. డాక్టరుగారికీ, ప్లీడరుగారికీ కుర్చీలు. ఇరుగుపొరుగుకి జంపఖానా. మిగతావాళ్లకి వరండా కిటికీ.

వీధి చివర దుకాణంలో తండ్రితోపాటు మిషను తొక్కే టైలరు కొడుకు ఆ మిగతావాళ్లలో ఒకడు.

"కాస్త జరుగుతారా? గాలి రావడం లేదు," అంది కిటికీకి లోపలివైపు కూర్చున్న ఆఫీసరుగారమ్మాయి.

"ముందు మీ తల జరపండి. హీరోయిన్ కనబడ్డం లేదు."

"కనబడకపోతే కొంప మునుగుతుందా?" అంటూ విసురుగా వెనక్కి తిరిగింది.

అతను తడబడ్డాడు. "ఇప్పుడైతే... మునగదండీ."

ఆ తర్వాత ముందు ఎంత చోటున్నా ఆమె కిటికీ దగ్గరే కూర్చునేది. ఊచలకి అటూ ఇటూ గుసగుసగా ఒకటే పోట్లాట.

వానాకాలం వచ్చేసరికి టైలరుగారింటి మీదా యాంటెన్నా లేచింది. ఆ ఆదివారం జంపఖానా సగం ఖాళీ. ఆఫీసరుగారి మొహం మాడిపోయింది. అమ్మాయి గుండెల్లో రాయి పడింది. ఇక అతనెందుకొస్తాడు?

జోరువాన. సినిమా మొదలైన కాసేపటికి కిటికీ బయట తడిసి ముద్దయిన తల ఒకటి కనబడింది.

"మీ ఇంట్లోనూ టీవీ ఉందిగా!"

"ఉంది. మీరే లేరు."

ఆమెకి మాత్రమే వినబడాలని అన్నాడు. సరిగ్గా అప్పుడే తెరమీద పాట ఆగింది. గదంతా విన్నది.

ఆఫీసరుగారు లేచి టీవీ కట్టేశారు. "ఏమిటమ్మా ఇది?"

ఆమె కిటికీ ఊచ పట్టుకుంది. "నాకూ ఇష్టమే నాన్నా."

"టైలరు కొడుకా! నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారాయన కుర్చీలవైపు చూస్తూ.

మూలనున్న నానమ్మ అందుకుంది. "ఏ నలుగురురా? ఇంకో టీవీ రాగానే ఎంతమంది మిగిలారో చూశావుగా. అది ఇంట్లో పెట్టుకుని కూడా వానలో నిలబడ్డవాడు వీడొక్కడే."

ఆయన సగం ఖాళీగా ఉన్న జంపఖానా వైపు చూశారు. తర్వాత వెళ్లి వీధి తలుపు తీశారు.

"లోపలికి రావయ్యా. జ్వరమొస్తే మీ నాన్నకి నేనేం జవాబు చెప్పాలి?"

టీవీ మళ్లీ పెట్టమని ఎవరూ అడగలేదు. ఆ సినిమా ఎలా ముగిసిందో ఆ ఆలుమగలిద్దరికీ ఇవాళ్టికీ తెలియదు.