తలుపు వైపు తిరిగిన మెలిక

"ఈ మెలిక తిరగబడిందండీ," అన్నాను, బొమ్మకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి.

బొమ్మ వేసినమ్మాయి గిర్రున తిరిగింది. "ఏమిటీ?"

"చిగురు మెలికలన్నీ లోపలికి చూడాలి. ఇదొక్కటే బయటికి చూస్తోంది. మా తాత ఉంటే చెవి మెలేసేవాడు."

"మా అమ్మ ఇచ్చిన తెడ్డు మీద ఎలా ఉందో అలాగే వేశాను. ఇంకో మాటంటే ఆ తెడ్డుతోనే కొడతాను."

గిస్బోర్న్ పట్నంలో రిపెకా మొదటి బొమ్మల ప్రదర్శన అది. మా మావోరీలు ఊరంతా చేరే పెద్దిళ్ళ వాసాల మీద ఉండే ఎరుపు, నలుపు, తెలుపు నగిషీని ఆరడుగుల కాన్వాసు మీదికి దించింది. తెడ్డంటే పడవ తెడ్డు ఆకారంలో ఉన్న జానెడు చెక్క ముక్క. వాళ్ళమ్మ పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఎవరికో పెంపకానికి వెళ్ళిందట. తన వాళ్ళెవరో తెలియకుండానే పోయిందట.

"మా ఊళ్ళో మా తాత నగిషీ వేసిన పెద్దింటి వాసాలకి మళ్ళీ రంగులు వెయ్యాలి. వస్తారా?" అన్నాను.

"వస్తే ఏం పెడతారు?"

"మా అమ్మ వేయించిన రొట్టెలు, తిట్లు."

వచ్చింది. చలికాలమంతా వాన. ఇద్దరికీ ఒకటే నిచ్చెన. నా చెవికి రంగు తక్కువైందని ఎర్ర కుంచెతో రాసేది.

"తియాకీ, మా అమ్మ పెంపకం సంగతి మీ అమ్మతో అనకు. ఊరూ పేరూ లేనిదంటుంది."

"చివరి వాసం అయ్యాక అమ్మకి వేరే సంగతి చెప్తాను. నిన్ను కోడలిగా ఇక్కడే ఉంచేసుకుంటున్నామని."

"ముందు నన్నడగవా?"

"అడుగుతున్నాగా."

"ఊఁ," అంది. ఆ రోజు వాన కూడా నాకు ముద్దొచ్చింది.

చివరి వాసం వెనక గోడ దగ్గర మసిలో ఉంది. రిపెకా తడిగుడ్డతో తుడిచింది. "చూశావా, మీ తాత కూడా తప్పేశాడు!" అని పకపకా నవ్వింది. ఒక్క మెలిక తలుపు వైపు చూస్తోంది. నవ్వు ఆగిపోయింది. జేబులోంచి తెడ్డు తీసి ఆ మెలిక పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే.

టీ తెచ్చిన అమ్మ ఆ తెడ్డు చూసి అక్కడే కూలబడింది.

"అది తప్పు కాదు. మా అమ్మ పురిట్లో పోతే, నాన్న, అదే మీ తాత, నా చెల్లెల్ని పట్నంలో పెంపకానికి ఇచ్చేశాడు. దాని పొత్తిళ్ళలో ఈ తెడ్డు పెట్టాడు. ఇంటికొచ్చి, అది వచ్చేదాకా ఎదురు చూడమని ఈ మెలిక తలుపు వైపు తిప్పాడు."

అమ్మ లేచి, రిపెకా నుదుటికి నుదురు, ముక్కుకి ముక్కు ఆనించి బావురుమంది. "వచ్చావా తల్లీ!"

మాలో అక్కచెల్లెళ్ళ పిల్లలంటే ఒక కడుపున పుట్టినవాళ్ళే. రిపెకా పుట్టినప్పటినుంచీ వెతుక్కున్న ఇల్లు దొరికింది. సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది.

"చేరింది కదరా, ఇంక దాన్ని లోపలికి తిప్పు," అంది అమ్మ.

నేను నిచ్చెన ఎక్కాను. రిపెకా కింద నిచ్చెనని రెండు చేతులా పట్టుకుంది. మెలికని లోపలికి తిప్పాను. కిందనుంచి గొంతు వచ్చింది.

"ఇప్పుడు సరిగ్గా ఉందా... అన్నయ్యా?"

"ఉంది చెల్లీ," అన్నాను.

రంగు ఆరేదాకా నేను నిచ్చెన దిగలేదు.