గుమ్మం నుంచి వంద మీటర్లు

చినుకులు పడుతున్నా గొడుగు తెరవకుండా రోడ్డు మధ్యలో నిలబడ్డ నర్సును చూసి, సర్వేయరుకు ముందు చిరాకే వచ్చింది.

"కాస్త పక్కకు జరుగుతారా? కొలవాలి."

"ఏం కొలుస్తారు? మా ఓపికా?"

ఆమె వెనక డప్పుతో, నినాదాలు రాసిన అట్టలతో పాతికమంది ఉన్నారు. వాళ్ల ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేయమని హెల్త్ కమిషనర్ ఉత్తర్వు ఇచ్చింది. మాట్లాడదామని ఆఫీసుకు వెళ్లిన ప్రతిసారీ "మేడం మీటింగులో ఉన్నారు" అన్నారు. విసిగిపోయి వీళ్లు ఆవిడ ఇంటి ముందుకే వచ్చారు. దాంతో కొత్త రూలు పుట్టింది: అధికారుల ఇంటి గుమ్మం నుంచి వంద మీటర్ల లోపల నిరసనలు కూడదు. ఆ గీత గీయడానికి మున్సిపాలిటీ ఇతన్ని పంపింది.

"నాతో రావాల్సినాయన సెలవు పెట్టాడండీ. టేపు కొస పట్టుకుంటారా?" అన్నాడు మొహమాటంగా.

"మమ్మల్ని తరిమే టేపు నేనే పట్టుకోవాలా?"

"మీరు పట్టుకుంటే అంగుళం కూడా అటూ ఇటూ కాలేదని మీకే తెలుస్తుంది కదా."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి కొస అందుకుంది. నాలుగు విడతలుగా కొలిస్తే గీత లాండ్రీ షాపు ముందు పడింది. అక్కణ్ణుంచి కమిషనర్ ఇంటి బాల్కనీ బాగానే కనిపిస్తోంది.

సున్నంతో గీత గీసి అతను గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. గుమ్మం దగ్గర ఉన్నప్పుడు కిటికీలోంచి చూశాను. లోపల మంచాన పడ్డ పెద్దావిడ ఉన్నారు. మీ డప్పు మోగినప్పుడల్లా చెవులు మూసుకుంటున్నారు."

ఆమె ముఖం బిగుసుకుంది. "వార్డు మూస్తే నొప్పులతో గంటసేపు బస్సులో పోవాల్సినవాళ్ల సంగతి?"

అతను టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. డప్పు మాత్రం ఆ పూట నుంచి మోగలేదు. అట్టలు పట్టుకుని ఊరికే నిలబడ్డారు.

మర్నాడు పై ఆఫీసరు పిలిచాడు. "ప్రహరీ గోడ నుంచి కొలిచినట్టు రాయవయ్యా. గీత మలుపు అవతలికి పోతుంది, మేడంకి వీళ్లు కనబడరు."

"రూల్లో గుమ్మం అని ఉంది సార్."

"రూల్సు నాకు చెబుతున్నావా? రేపటికి సంతకం కావాలి."

ఆ రోజంతా అతనికి కాలు ఒకచోట నిలవలేదు. పని లేకపోయినా స్కూటర్ మీద ఆ వీధిలో మూడుసార్లు తిరిగాడు. మూడోసారి ఆమె అడ్డం వచ్చింది.

"గీత వెనక్కి జరుపుతున్నారటగా? నాతోనే టేపు పట్టించి నా కళ్లలోనే దుమ్ము కొట్టారన్నమాట."

"ఇంకా సంతకం పెట్టలేదండీ."

"పెడతారా?"

అతను హెల్మెట్ పట్టీ పెట్టుకుంటూ, తీస్తూ ఉండిపోయాడు. ఆమె విసురుగా వెళ్లిపోయింది. ఆ కోపం కూడా అందంగానే ఉందని అనిపించి అతనికి తనమీద తనకే ఒళ్లు మండింది.

పొద్దున్నే ఆఫీసుకెళ్లి, కొలిచింది కొలిచినట్టే రాసి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికల్లా రికార్డుల గదికి బదిలీ అయ్యాడు.

రెండు రోజులు వాన కురిసింది. తడుస్తూ నిలబడ్డ మనుషులను బాల్కనీలోంచి చూసీ చూసీ కమిషనర్ తానే నడుచుకుంటూ వచ్చింది.

"డప్పు ఎందుకు ఆపేశారు?"

"లోపల పెద్దావిడకు బాలేదని తెలిసింది మేడం," అంది నర్సు.

కమిషనర్ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. "మా అత్తగారు," అంది. "రేపు పదింటికి ఆఫీసుకు రండి. నేనుంటాను."

ఆ మీటింగు రెండు గంటలు సాగింది. వార్డు మూసివేత ఆరు నెలలపాటు ఆగింది.

ఆ శుక్రవారం రికార్డుల గది తలుపు దగ్గర నర్సు కనబడేసరికి సర్వేయరు చేతిలోని ఫైళ్లు జారిపోయాయి.

"ఈ దుమ్ములోకి నావల్లే వచ్చారటగా?" అంది, వంగి కాగితాలు ఏరుతూ.

"మీవల్ల కాదండీ. కొలత అంతే వచ్చింది." అని తనూ కాగితాల కోసం వంగాడు. "మీవల్ల వచ్చింది వేరే ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడంలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఎలా చెప్పాలో తెలీక..."

"చెప్పేశారుగా." ఆమె కాగితాలన్నీ సర్ది అతని చేతిలో పెట్టింది. "నేను మా అమ్మకి మంగళవారమే చెప్పేశాను. ఆదివారం మిమ్మల్ని భోజనానికి తీసుకురమ్మంది."