మొక్కు నోట్ల నేత

శనివారం పొద్దున దీపం పెట్టబోయిన లీలావతికి దేవుడి పటం పక్కన మేకు ఖాళీగా కనిపించింది. తొమ్మిదేళ్లుగా అక్కడ వేలాడుతున్న ముడుపు లేదు.

నగరిలో వాళ్లది మరమగ్గాల ఇల్లు. కూతురు సుజన పదేళ్లప్పుడు విషజ్వరంతో మంచాన పడితే, బిడ్డ బతికితే కొండకొస్తానని లీలావతి మొక్కుకుంది. వారం కూలిలోంచి ఒక ఐదొందల నోటు చొప్పున ఎనిమిది వారాలు పసుపు గుడ్డలో కట్టింది. బిడ్డ లేచి తిరిగింది. కొండకు బయల్దేరేలోపే ఆ నోట్లు రద్దయ్యాయి. మార్చుకుందాం రమ్మని భర్త తులసీరాం మొత్తుకున్నాడు. సామికి కట్టిన ముడి ఇంట్లో విప్పకూడదని ఆమె పట్టు. లీలావతి పట్టుబట్టిందంటే కదిలించడం తులసీరాం తరమా? గడువు కాస్తా దాటిపోయింది. చెల్లని డబ్బుతో ఏ మొహం పెట్టుకుని పోవాలని ఆమె కొండవైపే వెళ్లలేదు.

వెనక షెడ్డులో పాత చేతిమగ్గం చప్పుడవుతోంది. తిరుపతిలో బొమ్మలేసే కోర్సు చదివే సుజన కాలేజీ ప్రదర్శనకని రెండు రోజులుగా ఏదో నేస్తోంది. లీలావతి వెళ్లి చూసింది. నిలువు పడుగు పసుపు దారం. అడ్డం పేకలో సన్నగా కోసిన నోట్ల ముక్కలు.

"సామి సొమ్ము కత్తెరతో కోసినావా?"

"చెల్లని నోట్లే కదమ్మా!"

"అవి నోట్లా? నీ పానానికి బదులు కట్టినాను. దాన్ని ముక్కలు చేస్తివే!"

"పోనీలే, తెలీక చేసింది," అన్నాడు వెనకే వచ్చిన తులసీరాం.

"నువ్వూరకుండు!"

సుజన మగ్గం దిగి, గోడకు తగిలించడానికి రాసుకున్న అట్టను అమ్మ చేతిలో పెట్టింది. లీలావతి కూడబలుక్కుంటూ చదివింది. 'ఇది మా అమ్మ ఎనిమిది వారాల కూలిలోంచి తీసి కట్టిన ముడుపు. బ్యాంకులో చెల్లదు. నేను బతికుండేది దీని పుణ్యమే.'

"నాకు జలుబు చేసినా మొక్కు తీర్చలేదని వణికిపోతావుండావు. సామి ఎప్పుడో తీసుకున్నాడమ్మా. లేకుంటే నేనీడ నిలబడుందునా?"

లీలావతి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్ల భయం అంత తొందరగా పోతుందా? చాలాసేపు పట్టింది. తర్వాత నేసిన గుడ్డను మెల్లగా తడిమింది. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ పోగు తెగిండాది, సూడలేదా? లెయ్, జరుగు." తానే కూర్చుని పోగు ముడేసింది.

ప్రదర్శన ముగిసిన మర్నాడు ముగ్గురూ అలిపిరి నుంచి నడిచి కొండెక్కారు. లీలావతి ఆ వారం కూలిని హుండీలో వేసి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"అంతసేపు ఏం కోరుకున్న్యావే?" బయటికొచ్చాక తులసీరాం అడిగాడు.

"కోరేదేముండాది? బాగుండామని చెప్పొచ్చినా."