కొసరుగా వచ్చిన కన్ను

మైసయ్యను చంపినవాళ్ళు తలుపు పగలగొట్టలేదు. చాయ్ తాగి మరీ చంపారు.

టేబుల్ మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో సగం చాయ్ అట్లాగే ఉంది. సాక్షులను దాచే ఆ సేఫ్‌హౌస్‌కు కాపలా ఉన్న మైసయ్య ఇరవై ఏళ్ళ సర్వీసులో ముఖపరిచయం లేనివాడికి గొళ్ళెం తీసిన మనిషి కాదు. డిపార్ట్‌మెంట్ బిగించిన కెమెరాలో మాత్రం ఆ గంటసేపూ ఖాళీ గల్లీయే కనబడింది. ఎవరో పాత వీడియోను తిప్పి తిప్పి ఆడించారు.

"అంటే లోపలి మనిషే," అన్నాడు చీఫ్ కృపాకర్, ఫోటోలు ఫైల్లో పెట్టేస్తూ.

ఎదురుగా జహీరా కూర్చుని ఉంది. లాడ్‌బజార్ వాళ్ళకు ఆమె గాజుల దుకాణం నడుపుకునే ఒంటరి తల్లి. ఇక్కడ, ఈ కిటికీల్లేని గదిలో, ఏజెంట్ పదిహేడు. కూతురు మహీన్ స్కూలు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె మనసు అప్పటికే మూడు ఆస్పత్రులు తిరిగి వస్తుంది. తోటి ఏజెంట్లు దాన్ని పిరికితనం అంటారు. కృపాకర్ రిస్క్ అసెస్‌మెంట్ అంటాడు.

"బాలకిషన్ అని ఒక చిప్ ఇంజనీరు. మన క్షిపణి చిప్ డిజైన్ కోసం విదేశీ గూఢచారి రింగ్ ఒకటి అతన్ని కొనబోయింది. అమ్ముడుపోలేదు. కానీ ఆ రింగ్ లీడర్ ముఖాన్ని కళ్ళారా చూసినవాడు దేశంలో అతనొక్కడే. గురువారం సాయంత్రం ఆరింటికి మేజిస్ట్రేట్ ముందు స్టేట్‌మెంట్. అందాకా బతికుండాలి."

"నా దుకాణం మీది గదిలనా సార్?"

"మూడు ఇళ్ళు సిద్ధం చేస్తున్నాం. చివరికి ఏది వాడతామో ఎవరికీ తెలియదు. ఎక్విప్‌మెంట్ మన స్టోర్స్ నుంచి వద్దు. బజార్లో నువ్వే చూసి, నువ్వే ఎంచుకో. అయిదింటికి పికప్. పూజిత వస్తుంది. నాలుగింటి దాకా ఆమెకు కూడా అడ్రస్ చెప్పను. బసరా ముత్యాల గాజులు వచ్చినయా అని అడుగుతుంది. అదే పాస్‌వర్డ్."

పూజిత పేరు వినగానే జహీరాకు కొంచెం ధైర్యం వచ్చింది. లోకంలో ఆమె భయపడకుండా నమ్మే మనిషి పూజిత ఒకతే.

*

మరునాడు బేగంబజార్‌కు ఆ పూజితనే తోడు తీసుకుపోయింది. బేరం జహీరాకు చేతకాదు.

పత్తర్‌గట్టీలో ముత్యాల షోరూం పూజితది. మీగడ రంగు పట్టుచీర, జుట్టు మీదికి నెట్టిన నల్ల కళ్ళద్దాలు, ఆ మిరపకాయల ఘాటులో కూడా తెలిసే సెంటు. హమాలీలు బస్తాలు దించుకుని మరీ దారి ఇచ్చారు. రింగ్ ఆమెను తన మనిషి అనుకుంటుంది. అక్కడ విన్నదల్లా ఆమె కృపాకర్‌కు చేరవేస్తుంది. ఈ డబుల్ ఏజెంట్‌ను డిపార్ట్‌మెంట్‌కు పరిచయం చేసింది జహీరాయే. రెండేళ్ళ కింద మహీన్‌కు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, ఆస్పత్రి బెంచీ మీద మూడు రోజులు కదలకుండా కూర్చున్నది పూజితే.

సెక్యూరిటీ సామాన్ల దుకాణం దస్తగీర్‌ది. కెమెరాలు గుమ్మడికాయల్లా వేలాడుతున్నాయి.

"వైఫైది తీస్కోండి భాభీ. సౌదీల కూసున్నా మీ దుకాణం ఫోన్ల కనబడ్తది."

"నాకు కనబడేది ఇంకొకనికి గూడ కనబడ్తది. వైరుదే ఇయ్యి. ఇంటర్నెట్ వద్దు."

"సరే, వైరుదే."

"వైరు ఎవడన్న కోస్తే?"

"పైపుల ఏసి గోడ లోపలికెళ్ళి తీస్తం."

"పావురం వచ్చి కెమెరా మీద కూసుంటే?"

దస్తగీర్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "భాభీ, నిజం చెప్పండ్రి. గాజుల దుకాణానికా, గోల్కొండ కిలాకా?"

పూజిత పకపకా నవ్వింది. జహీరాను ఆమె అక్కలా ఆపా అనే పిలుస్తుంది. "మా ఆపా గిట్లనే భాయ్. పెండ్లికి పిలిస్తే గూడ టెంటు కూలుతదేమో అని ఫికర్ చేస్తది."

నాలుగు కెమెరాలు, రికార్డర్, గుమ్మానికి డోర్‌ఫోన్. తరువాత తాళం. దస్తగీర్ అరచేతి మందం ఇనుప పట్టీ తీశాడు. "అయస్కాంతం తాళం. పది మంది గుంజినా రాదు. స్విచ్ నొక్కితేనే తెరుస్తది."

"కరెంటు పోతే?"

దస్తగీర్ గడ్డం గోక్కున్నాడు. "పోతే... ఊడిపోతది."

"అయితే బ్యాటరీ గూడ ఇయ్యి."

"అరగంట ఆగుతది. నా జబాన్, మాటంటే మాటే."

జహీరా ప్రతి పెట్టె విప్పించింది. సీలు చూసింది, నంబర్ రాసుకుంది, కెమెరా వెనక మూత తీయించి లోపల టార్చి కొట్టింది. అన్నీ కట్టించాక పూజిత కౌంటర్ మీద మోచేయి ఆనించింది.

"ఇంత సామాను తీస్కున్నం. కొసరు ఏది భాయ్?" అంటూ పక్కనున్న చిల్లర సామాన్ల ట్రేలో చెయ్యి పెట్టి, తెల్లగా గుండ్రంగా ఉన్న డబ్బా ఒకటి తీసింది. "ఈ పొగ అలారం ఇచ్చెయ్యి. ఆపాది లక్క పని, ఎప్పుడూ నిప్పులే."

"తీస్కోండి, తీస్కోండి. బీడీ ముట్టించినా కూస్తది," అన్నాడు దస్తగీర్ ఏడుపు ముఖంతో.

కొసరు లేకుండా బేగంబజార్ దాటడం పాతబస్తీలో ఎవరికీ అలవాటు లేదు. వచ్చిన కొసరును విప్పి చూసుకోవడం అంతకన్నా అలవాటు లేదు. కొన్న ప్రతిదాన్నీ అనుమానించిన జహీరా, ఊరికే వచ్చినదాన్ని సంచీలో వేసుకుంది.

*

గురువారం మధ్యాహ్నం గాజుల పెట్టెల ఆటోలో బాలకిషన్ వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, ఉబ్బిన కళ్ళు. మంచం మీద కూర్చుని మూడు చాయ్‌లు తాగాడు.

"అమ్మా, నేను ఆరింటి దాకా బతుకుతానంటారా?"

"మీరు పడుకోండ్రి. భయపడే డ్యూటీ నాది."

గురువారం, జుమ్మెరాత్ సాయంత్రం లాడ్‌బజార్‌లో లోబాన్ సాంబ్రాణి పొగ పడని దుకాణం ఉండదు. నాలుగుంబావుకు ఎప్పుడూ వచ్చే ముసలి ఫకీరు వచ్చాడు. నిప్పుల డబ్బా ఊపుకుంటూ దుకాణమంతా పొగ చూపి, అలవాటుగా మేడ మీదికి కూడా ఎక్కాడు. ఆపితే గల్లీకి అనుమానం వస్తుందని జహీరా తలుపు తీసి తనే వెంట వెళ్ళింది. గదంతా తెల్లటి పొగ. బాలకిషన్ దగ్గాడు. జహీరా కళ్ళు నీళ్ళు తిరిగాయి.

పొగ సీలింగ్ దాకా లేచి, అక్కడ బిగించిన ఆ కొసరు, తెల్లటి గుండ్రటి డబ్బాను చుట్టుకుంది.

డబ్బా కూయలేదు.

బీడీకే కూస్తుందన్న అలారం. ఆమె తల ఎత్తబోయి ఆగిపోయింది. ఎత్తకూడదు. పొగ పట్టనిది పొగ అలారం కాదు. మరి సీలింగ్ మధ్యలో, మంచానికి సూటిగా కూర్చుని అది ఏం పని చేస్తోంది? చూస్తోంది. వింటోంది కూడా కాబోలు.

ట్రేలో చెయ్యి పెట్టింది ఎవరు? దస్తగీర్ కాదు. మైసయ్య చాయ్ పోసి కూర్చోబెట్టేంత చనువు ఎవరికి?

వద్దు. నేను ఎప్పుడూ చెడ్డదే అనుకుంటా, నాకది రోగం, అనుకుంది జహీరా. మెట్లు దిగి లక్క కాచే వెనక గదిలోకి పోయి ఫోన్ తీసింది.

"సార్, గదిల కన్ను ఉంది."

కృపాకర్ వెంటనే అన్నాడు, "పీకెయ్."

"పీకితే ఎవలదో తెల్వదు. వెనక గల్లీకి బండి పంపుండ్రి. పూజితకు మాత్రం ఏం చెప్పొద్దు."

"ఆమెను రికమెండ్ చేసింది నువ్వే."

"అందుకే సార్."

ఫకీరు చేతిలో గుప్పెడు లోబాన్ పోసి, చెవిలో ఒక మాట చెప్పి, వెంటబెట్టుకుని మళ్ళీ పైకి వెళ్ళింది. పొగ పలచబడుతోంది. సీలింగ్ కింద నిలబడి, బాలకిషన్‌తో గట్టిగానే అంది:

"ఇనుండ్రి. మాట మార్చినం. ఇప్పుడు ఫిరోజా గాజులు అనాలె. పూజితకు మెసేజ్ పెట్టిన. పాత మాట చెప్పినోళ్ళు ఎవలైనా సరే, తలుపు తెరిచేది లేదు."

ఆమె ఏ మెసేజూ పెట్టలేదు.

ఫకీరు డబ్బా ఊదాడు. ఈసారి లేచింది మామూలు పొగ కాదు, గోడకు గోడ కనబడనంత. ఆ మబ్బులో జహీరా చెయ్యి పట్టి లాగితే బాలకిషన్ మంచం దిగాడు. అతని జాగాలో పొడుగు బాలీసు పడుకుంది, నిండా దుప్పటి కప్పుకుని. పొగ విడిపోయేసరికి బాలకిషన్ వెనక గల్లీలో కృపాకర్ పంపిన బండిలో ఉన్నాడు.

జహీరా కింద మానిటర్ ముందు కూర్చుంది. మెట్ల మొదట్లో అయస్కాంతం తలుపు. మెట్ల చివర, గదికి ముందు, తాళం వేసిన ఇనుప గ్రిల్. చేతిలో తస్బీ జపమాల పూసలు కదులుతున్నాయి. అల్లా, పాత మాటే అనిపించు. ఒక్కసారి నా అనుమానం తప్పని చూపించు.

సరిగ్గా అయిదు. మానిటర్‌లో మీగడ రంగు చీర. వెనకే గాజుల పెట్టెలు మోస్తున్న ఇద్దరు హమాలీలు. బేగంబజార్ హమాలీ ఎవడూ అంత కొత్త బూట్లు వేసుకోడు.

డోర్‌ఫోన్ మోగింది.

"ఎవరు?"

"నేనే ఆపా. ఫిరోజా గాజులు వచ్చినయా?"

తస్బీ ఆగిపోయింది.

మహీన్‌ను కన్నప్పుడు కూడా అంత నొప్పి రాలేదని ఆ తరువాత ఎన్నో రోజులు అనిపించింది ఆమెకు. అయినా మామూలుగానే పలికింది. "వచ్చినయి. పైకి రా." స్విచ్ నొక్కింది. ముగ్గురూ లోపలికి వచ్చారు. వాళ్ళ వెనక అయస్కాంతం తలుపు టక్కుమని అతుక్కుంది.

మెట్ల పైన పూజిత గ్రిల్ లాగి చూసింది. రాలేదు. ఆలోచించలేదు కూడా. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ బిగించిన పిస్టల్ తీసి, ఊచల సందులోంచి మంచం మీదికి రెండుసార్లు కాల్చింది. దుప్పటి ఎగిరింది. దూది లేచింది.

పూజిత ముఖం తెల్లబోవడం నాలుగో కెమెరాలో స్పష్టంగా కనబడింది. చెవి దగ్గరికి ఫోన్ పోయింది. మరుక్షణం గల్లీ అంతా కరెంటు పోయింది. మానిటర్ నల్లబడింది.

లోపలి నుంచి మెట్ల తలుపు మీద బూట్లు తన్నడం మొదలైంది. కరెంటు పోతే ఊడిపోయే తాళం అది. మూలన బ్యాటరీ పెట్టె మీద ఎర్రటి చుక్క వెలిగింది. అరెస్టుకు బయల్దేరిన కృపాకర్ మనుషులు ఇంకా మదీనా చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఉన్నారు. మూడు నిమిషాలు, అన్నాడు ఫోన్లో. తలుపు చౌకట్టు నుంచి సున్నం రాలింది. జహీరా తన రెండు చేతులూ తలుపుకు ఆనించింది, ఆమె బరువు దానికి ఏదో లెక్క అయినట్టు. పది మంది గుంజినా రాదన్నావు కదా దస్తగీర్ భాయ్. అరగంట అన్నావు. నీ జబాన్ అన్నావు.

తన్నులు ఆగాయి. తలుపు సందులోంచి పూజిత గొంతు, చాలా మెత్తగా:

"ఆపా, ఏందిది? నీ మెసేజ్ చూసే కదా వచ్చిన?"

"నేను ఏ మెసేజూ పంపలే, పూజితా."

అవతల అరచెయ్యి తలుపును తట్టింది.

"తలుపు తెరువు ఆపా. మహీన్ మీద ఒట్టు, నిన్నేం చెయ్య."

"నా బిడ్డ పేరెత్తకు." జహీరా తలుపుకు నుదురు ఆనించింది. "ఒక్కటి చెప్పు. ఆస్పత్రిల మూడు రోజులు కూసున్నవ్ కదా. అది గూడ డ్యూటీయేనా?"

"కాదు ఆపా. అది కాదు."

ఆ మాట నమ్మాలని జహీరాకు ఎంత ఆశగా ఉందంటే, చెయ్యి స్విచ్ దాకా పోయింది. పోయి, అక్కడే ఆగింది. అప్పుడే గల్లీ మొదట్లో బ్రేకుల చప్పుడు వినిపించింది. కృపాకర్ మనుషులు లోపలికి ఉరికారు. అప్పటికే చౌకట్టు ఇంకో రెండు తన్నులకు కూడా ఆగేటట్టు లేదు.

పూజిత బేడీలతో బయటికి వచ్చింది. జహీరా వైపు చూడలేదు. కొంగు మీద పడ్డ సున్నం దులుపుకోబోయి, చేతులు కట్టేసి ఉన్నాయని గుర్తొచ్చి ఊరుకుంది.

ఆరుంబావుకు కృపాకర్ ఫోన్. "స్టేట్‌మెంట్ అయిపోయింది. లీడర్‌ను ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకున్నారు. వెల్ డన్. నువ్వు అనుమానించింది ప్రతిదీ నిజమైంది."

"ఒక్కటి తక్కువ అయినా బాగుండు సార్," అంది జహీరా.

ఇంటికి పోయేసరికి మహీన్ హోంవర్క్ ముందు కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అడిగింది: "అమ్మీ, ఆదివారం పూజిత ఆంటీ వస్తదా?"

"రాదు బిడ్డా. కొత్త జాగ దొరికింది ఆమెకు."

"మంచిగున్నదా?"

జహీరా ఇంటి తలుపుకు రెండు గొళ్ళాలూ పెట్టి, ఒకసారి లాగి చూసింది.

"సెక్యూరిటీ మాత్రం మస్తుగున్నది."