ఓడ ఎక్కని సీసా

రసజ్ఞ నాతో మొదటిసారి మాట్లాడింది దొంగతనం చేస్తూ పట్టుబడ్డప్పుడు.

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో పక్కనే. పదకొండో అంతస్తు ప్యాంట్రీ ఫ్రిజ్‌లో నేను పెట్టుకుంటున్న నల్లద్రాక్ష డబ్బా రెండు రోజులుగా ఖాళీ అవుతోంది. మూడో రోజు కాపు కాశాను. డిజైన్ టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, బుగ్గ నిండా ద్రాక్షతో దొరికింది.

"డబ్బా మీద పేరు రాసున్నది," అన్నాను.

తీరిగ్గా నమిలి మింగింది. "రామ్ అని ఉంది. ప్రసాదం అనుకున్నానండి."

"ప్రసాదం ఎవలన్న అరకిలో తింటరా?"

"భక్తి ఎక్కువైతే తింటారు. ఇంతకీ ఏ సూపర్ మార్కెట్‌వి?"

"మా ఇంటి పందిరివి."

ఇక నన్ను వదల్లేదు. పందిరి ఎంత, కాపు ఎప్పుడు, ఆకు ఎలా ఉంటుంది, అన్నీ కావాలి. కాకినాడ పిల్ల. ప్రశ్న మీద ప్రశ్న.

నా అసలు పేరు రాములు. ఉద్యోగంలో చేరిన రోజు పేరుకి తోక కోసేశాను. మా నాన్న ఎల్లేశం శామీర్‌పేట వైపు ఒక ద్రాక్షతోటలో ఇరవై ఏళ్లు మాలిగా చేశాడు. తోట ప్లాట్లయిన రోజు ఒక కొమ్మ తెచ్చి మా పెరట్లో నాటుకున్నాడు. తోట యజమాని దగ్గర నేర్చుకున్న పద్ధతిలో ఏటా ఒక జాడీ వైను పెడతాడు. ఇప్పుడు నల్లగండ్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో మొక్కలకు నీళ్లు పడుతున్నాడు. మా మేనేజర్ ఉదయ్ భాస్కర్ గారి విల్లా ఉన్నది అందులోనే. ఆయన ఇంటి ముందు గడ్డి కత్తిరించే మనిషి నా తండ్రి అని ఆయనకి తెలియదు. తెలియనివ్వకుండా నేను చాలా జాగ్రత్త పడ్డాను.

రసజ్ఞకి మాత్రం చెప్పాను. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఇద్దరం ఒకే గొడుగు కింద మెట్రో వైపు నడుస్తున్నాం. చెప్పేసి, ఆమె మొహం వైపు చూడలేక రోడ్డు మీది నీళ్లు చూశాను.

"మొక్కల్ని తడిపే వంశమన్నమాట," అంది. "అందుకే నన్నూ తడిపేస్తున్నావు. గొడుగు ఇటు జరుపు."

ఆ వానలోనే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

ప్రాజెక్టు బాగా ముగిసిందని కంపెనీ మా టీమ్‌కి క్రూజ్ బహుమతి ఇచ్చింది. ముంబై నుంచి గోవా వెళ్లి తిరిగి రావడం, మూడు రోజులు. ఓడ వాళ్ల మెయిల్‌లో ఒక వెసులుబాటు ఉంది: పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక వైన్ సీసా వెంట తెచ్చుకోవచ్చు, సీలు వేసి ఉండాలి. ఇంట్లో మాటవరసకి చదివాను.

"మనిషికొక సీసానా?" అన్నాడు నాన్న. "మంచోళ్లే ఉన్నరు. జాడీల పోయినేడాదిది ఉన్నది, తీస్కపో."

"షాపుల కొన్నది కావాలె నాన్నా."

"షాపుల అని రాసిండ్రా? సీలు అని రాసిండ్రు. మైనంతోని నేనేస్త సీలు. ఆ ద్రాక్షపండ్ల పిల్లకు జర రుచి సూపియ్యి."

రసజ్ఞ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. డబ్బా రెండింతలు నింపి తీసుకెళ్లడం చూసి కనిపెట్టాడు.

విషయం విని రసజ్ఞ ఎగిరి గంతేసింది. లేబుల్ తనే గీసింది. ఒక ద్రాక్షగుత్తి, కింద గుండ్రటి అక్షరాలతో 'ఎల్లేశం తోట, శామీర్‌పేట'. నాన్న దాన్ని అంటించే ముందు వేలితో ఆ అక్షరాలు తడిమి చూసుకున్నాడు.

"నా పేరు గింత మంచిగ ఎవలూ రాయలే," అన్నాడు.

ఓడ మీద రసజ్ఞకి ఒక మాట చెప్పాలనుకున్నాను. చెప్పాలనుకుంటున్నానని కూడా చెప్పాను.

"ఇక్కడే చెప్పొచ్చుగా."

"సముద్రం మీదనే చెప్త."

"నాకు ఈత రాదు. పారిపోలేననా?" అని నవ్వి, చూపు పక్కకి తిప్పేసుకుంది. ఆ చూపుతో నేను రెండు రోజులు బతికాను.

బయలుదేరే ముందు రోజు టీమంతా ఎవరు ఏ బ్రాండ్ తెస్తున్నారో చెప్పుకుంటుంటే నాకు బెరుకు మొదలైంది. గచ్చిబౌలిలో ఒక విదేశీ సీసా కొన్నాను.

"మనిషికి ఒకటే కదా," అన్నాను రసజ్ఞతో. "టీమ్ కోసం ఇది నేను పట్టుకుంట. నాన్నది నువ్వు తెస్తవా?"

"మావయ్యగారిది నేను కాక ఇంకెవరు తెస్తారు?"

బట్టల్లో చుట్టి ముంబై దాకా చంటిపిల్లలా తెచ్చింది.

ఓడరేవులో తనిఖీ. నా సీసా చూసి తిరిగిచ్చి, వెళ్లమన్నారు. వెనకే రసజ్ఞ. అధికారి మైనం గోటితో గీకి, లేబుల్ తిప్పి చూసి, ఎవరు తయారు చేశారని అడిగాడు.

ఉదయ్ భాస్కర్ గారు వంగి లేబుల్ చదివారు. "ఎల్లేశమా? మా కమ్యూనిటీ తోటమాలి పేరూ ఇదే. ఏంటి రసజ్ఞా, మాలి బ్రాండా?"

అందరూ నవ్వారు. ఆయన మంచివాడే, ఊరికే అన్నారు.

రసజ్ఞ నవ్వలేదు. నా వైపు చూసింది. 'నువ్వు చెప్పు' అన్నట్టుగా, ఎంతో నమ్మకంగా చూసింది. నేను నా బూట్ల లేసు చూసుకున్నాను.

"తెలిసిన పెద్దాయన చేశారు," అంది ఆమె, చూపు నా మీంచి తిప్పుకుని.

"ఎవరు చేసినా కంపెనీ సీలు లేనిది లోపలికి రాదు," అన్నాడు అధికారి. "పారబోయిస్తాం."

"వద్దు. నేనే పోస్తాను."

మూలనున్న సింక్ దగ్గర నిలబడి సన్నని ధారగా పోసింది. నేను నోరు విప్పినా సీసా దక్కేది కాదు. రసజ్ఞ ముందు నేను దక్కేవాణ్ని.

ఆ సాయంత్రం డెక్ మీద దగ్గరికి వెళ్లాను. గాలికి జుట్టు మొహం మీద పడుతున్నా తోసుకోవడం లేదు.

"ఏదో చెప్తానన్నారు కదండీ," అంది.

'అండీ' విని నా నోటి దాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి పోయింది.

మర్నాడు గోవాలో నాన్నకి ఫోన్ చేశాను. "అందరూ తాగిండ్రు నాన్నా. మస్తున్నదన్నరు."

"గట్లనా. మంచిది బిడ్డా," అన్నాడు.

ఇంటికొచ్చాక నాన్న పందిరి కింద కత్తెర నూరుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఓడ కదలకముందే ఆ పిల్ల ఫోన్ చేసింది. నా నంబరు లేబుల్ గీసినప్పుడు నీ దగ్గర తీస్కున్నదట. రానియ్యలేదు మావయ్యా, నా చేతులతోనే పోసిన, ఏమనుకోకుండ్రి అని ఏడ్చింది."

నేను బ్యాగు కింద పెట్టాను.

"నీ గురించి ఒక్క మాట అనలే. నువ్వు ఫోన్ చేసినంకనే నాకు సమజైంది, నువ్వు ఆడ ఏం జేసినవో." కత్తెర పదును వేలితో చూసుకున్నాడు. "వైను పోతే పోయింది, ఫికర్ లేదు. ఆ పిల్లను ఒక్కదాన్నే నిలవెట్టినవ్ గద బిడ్డా."

మర్నాడు ఉదయ్ భాస్కర్ గారి క్యాబిన్‌లోకి వెళ్లి, ఎల్లేశం మా నాన్న అని చెప్పాను.

ఆయన కుర్చీలోంచి లేచారు. "అయ్యో, ఆ రోజే చెప్పొద్దా. మా ఇంట్లో గులాబీలు ఆయన చలవే. నేను నోరు జారాను, సారీ రామ్."

ఇంతే. ఇన్నేళ్లు నేను దాచింది, ఆయనకి రెండు నిమిషాల సంగతి.

సాయంత్రం మెట్రో దగ్గర రసజ్ఞని ఆపాను.

"సార్‌కి చెప్పారని విన్నాను," అంది. "మంచి పని చేశారు."

"ఓడ మీద నేను చెప్పాలనుకున్నది..."

"తెలుసండీ. అందుకే ఓడ ఎక్కకముందే ఇంట్లో చెప్పేశాను. అబ్బాయి వాళ్ల నాన్నగారేం చేస్తారని అడిగారు నాన్న. తోటమాలి అన్నాను. 'చేతిలో పనున్న మనిషి. ఓడ దిగాక తండ్రీకొడుకుల్ని ఒకసారి రమ్మనమ్మా' అన్నారు."

నేను ఏ మాట బయటపడితే నలుగురిలో చులకనైపోతాననుకున్నానో, ఆ మాట ఆమె ఎప్పుడో తలెత్తుకుని చెప్పేసింది. వాళ్లింట్లో ఒప్పుకున్నారు కూడా.

"మీ నాన్నగారికి ఇప్పుడు ఏం చెప్తున్నవ్?"

"రోజూ అడుగుతున్నారు. అబ్బాయికి వీలుపడటం లేదంటున్నాను. నాకు కోపం లేదండీ. రేపు నలుగురిలో నన్ను చూసి ఎవరైనా నవ్వితే, అప్పుడూ మీరు నేల చూస్తారేమోనని భయం. ఆ భయం పోయిన రోజు నేనే వచ్చి చెప్తాను. అప్పటిదాకా అడక్కండి."

సరే అన్నాను. ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది.

నాలుగు నెలలైంది. వాళ్ల నాన్నగారు ఇంకా అడుగుతున్నారో, అడగడం మానేశారో నాకు తెలియదు. కనుక్కుందామని రోజూ అనిపిస్తుంది. అడగనని మాటిచ్చాను.