ఒకటో నంబరు కార్డు

1999, ఈస్టర్ సోమవారం. సిడ్నీ పక్క పారమట్టా అంతా పెరళ్ళలో మాంసం కాల్చుకునే బార్బీ పొగల్లో సెలవు గడుపుతుంటే, రాజారావు మాత్రం ఓ ఐరిష్ శ్మశాన సంఘం ఆఫీసు నేలమాళిగలో కీబోర్డు బాదుతున్నాడు. పక్క కుర్చీలో కర్నూలు నుంచి వచ్చిన ప్రోగ్రామర్ కనీజ్. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లో తేదీలు సరిచేసే ఈ వై2కె పని మర్నాడు పొద్దున్నకి ముగిస్తేనే కంపెనీ అతని వీసాకి స్పాన్సర్ లెటర్ ఇస్తుంది. లేదంటే నెలాఖరుకి పెట్టె సర్దుకోవడమే.

సంఘం పుట్టింది 1930లో. సమాధి చోటు ఇచ్చిన ప్రతి మనిషికీ చెక్క సొరుగులో ఒక కార్డు, కంప్యూటర్లో ఒక రికార్డు. రెండూ నాలుగు వందల పన్నెండు ఉండి తీరాలి. ఏళ్ళన్నీ రెండంకెల్లో ఉన్నాయి. వాటిని నాలుగంకెలు చెయ్యడానికి సారుగారికి ఒళ్ళు వంగలేదు. ముప్ఫైకి తక్కువైతే రెండువేలల్లోది, మిగతావి పందొమ్మిది వందల్లోవి అని ఒక్క లైను రాసి పడేశాడు.

ఒక్కతి తప్ప అందరూ దారికొచ్చారు. ఒకటో నంబరు, నోరా కియో. మరణం 24-04-16. ఆ తేదీ ఇంకా రాలేదు పొమ్మని ప్రోగ్రాం మొరాయించింది.

కనీజ్ సొరుగులోంచి కార్డు తీసింది. తేదీ చేత్తో రాసింది కాదు, గుండ్రటి తపాలా ముద్ర. వెనక రాసి ఉన్నది చదివి చెప్పింది.

"పందొమ్మిది వందల పదహారు ఈస్టర్ సోమవారం, డబ్లిన్‌లో ఇంగ్లీషువాళ్ళ మీద లేచిన తిరుగుబాటులో పోయింది సార్. పద్దెనిమిదేళ్ళు. పోస్టాఫీసు పట్టుకున్న తిరుగుబాటుదార్లకి రొట్టెలు మోసిందట. శవం దొరకలేదు. వాళ్ళన్న ఇక్కడికొచ్చి, సంఘం పెట్టగానే మొదటి చోటు ఆమె పేరున రాయించాడు. ఆ సమాధిలో ఉన్నది పేరొక్కటే."

రాజారావు పకపకా నవ్వాడు. "పండగ పూట పోస్టాఫీసెక్కి కూర్చుంటే రాజ్యం వచ్చేస్తుందా? వారం కూడా నిలవలేదు, వెధవలు! అప్పటి ప్రపంచయుద్ధానికి మా తాతగారు గోదావరి జిల్లా అంతా తిరిగి మనుషుల్ని పటాలంలో చేర్పించారు. దొరలు రావుసాహెబ్ బిరుదిచ్చారు, తెలుసా?"

"ఆ మనుషులు తిరిగొచ్చారా సార్?"

"ఏమో. వాళ్ళ పేర్లు ఎవడికి గుర్తు?"

"అదే కదా. బిరుదు మాత్రం భద్రంగా గుర్తుంది." కనీజ్ కార్డు సొరుగులో పెట్టి బ్యాగు తగిలించుకుంది. "రెండ్రోజులు గడువు అడగండి, అన్నీ నాలుగంకెలు చేద్దాం. ఆమెని మాత్రం కదపకండి సార్."

ఆమె వెళ్ళగానే కదిపాడు. డిలీట్. నాలుగు వందల పదకొండు. లెక్క తప్పిందని మళ్ళీ ఎర్రగీత. ప్రోగ్రామర్లందరికీ ఉన్న పాడలవాటే అతనికీ ఉంది. ఖాళీ నింపాలంటే సొంత పేరు కొట్టడం. ఒకటో నంబరులో రాజారావు అని కొట్టి, ఆ రోజు తేదీ వేశాడు. నాలుగు వందల పన్నెండు. ఈల వేశాడు.

మధ్యాహ్నం మూడున్నరకి దీపాలు ఆరిపోయాయి. సెలవు రోజు టైమరు ఆర్పేస్తుందని అతనికి తెలుసు. తెర వెలుగు మాత్రం మిగిలింది. ఏసీ కూడా ఆగాక తెలిసింది వాసన... కాలిన కాగితాల వాసన. దాని కింద, ఇంకా వేడిగా, రొట్టె వాసన.

సొరుగు దగ్గర ఠప్‌మంది.

ఎలక అనుకున్నాడు.

ఠప్... ఠప్... ఒక్కొక్క కార్డు తీసి, ముద్ర గుద్ది, పక్కన పెడుతున్నట్టు. తొందరేం లేకుండా. తెర మీద ఏళ్ళు కదులుతున్నాయి. 34 కాస్తా 1934 అయింది. 51... 1951. అతని వేళ్ళు కీబోర్డు మీద లేవు.

శబ్దం ఆగింది.

కుర్చీ వెనక ఎవరో బరువైన బుట్ట దించారు. చెవి పక్కన వెచ్చటి ఊపిరి. గుసగుస, ఇంగ్లీషే, ఇక్కడి యాస కాదు.

"కొంచెం జరుగుతారా... అది నా చోటు."

రావుసాహెబ్ మనవడు ఒంటి బూటుతో మెట్లెక్కాడు. ఆ వారం నిలబడినవాళ్ళని వెధవలన్న మనిషి ఒక్క నిమిషం నిలబడలేదు.

మంగళవారం పొద్దున మేనేజరు భుజం తట్టి లెటరు చేతిలో పెట్టాడు. తెర మీద నాలుగు వందల పన్నెండూ నాలుగంకెల్లో తళతళలాడుతున్నాయి. ఒకటో నంబరు, నోరా కియో, 24-04-1916. రాజారావు పేరు ఎక్కడా లేదు. ఇదంతా తన ఘనతేనని అప్పటికే నవ్వడం మొదలెట్టాడు.

"సార్," కనీజ్ సొరుగు దగ్గర్నుంచి పిలిచింది. "కార్డులు నాలుగు వందల పదమూడున్నాయి."

చివరి కార్డు అంచులు పసుపుబారి ఉన్నాయి. వెలిసిపోయిన గోధుమరంగు సిరాలో ఇంటిపేరుతో సహా అతని పేరు. పక్కన గుండ్రటి ముద్ర, 24-04-16. రెండంకెలే.

"ఏ పదహారు సార్ ఇది?"

అతను బొటనవేలితో ముద్రని తుడిచాడు. చెరగలేదు. వేలికి మాత్రం నల్లగా అంటుకుంది... తడి ఇంకా ఆరలేదు.